పేట బావికి మేం పెట్టిన వంక

మా కాలేజీలో పర్యావరణ కోర్సు నా చేతికి రావడానికి కారణం నా చదువు కాదు, బాపట్ల నుంచి తెనాలి వచ్చే పాసింజరు బండి. ఆ రోజు అది నిడుబ్రోలు దగ్గర గంటన్నర ఆగిపోయింది. నేను స్టాఫ్ రూములో అడుగుపెట్టేసరికి మీటింగు అయిపోయి అందరూ టీ తాగుతున్నారు. తలా ఒక సాకు చెప్పి తప్పించుకున్న పనిని, సాకు చెప్పడానికి అక్కడ లేని మనిషికి రాసేశారు.

"మీ పేరే ఖాయం చేశామండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు సంతోషంగా. "వారానికి నాలుగు క్లాసులు. సర్టిఫికెట్ కోర్సు. పదిమందైనా చేరకపోతే వచ్చే ఏడు ఉండదనుకోండి, అది వేరే సంగతి."

అవి ఎనభైల చివరి రోజులు. నేను కెమిస్ట్రీ లెక్చరరుగా చేరి మూడేళ్ళయింది. పర్యావరణం అన్న మాట అప్పటికి మా వైపు ఇంకా జనం నోట నలగలేదు. తోటి లెక్చరర్లు దాన్ని మొక్కల కోర్సు అనేవాళ్ళు. మొదటి ఏడు పదకొండుమంది చేరారు. ఎందుకు చేరారో నాకు తర్వాత తెలిసింది. రేపల్లె వైపు పిల్లలకీ బాపట్ల వైపు పిల్లలకీ సాయంత్రం బండి వేళ దాకా పోవడానికి చోటు లేదు. మా క్లాసు మూడున్నరకి. ఆ గదిలో ఫ్యాను తిరిగేది.

పాఠ్యపుస్తకం అంటూ ఏమీ లేదు. లైబ్రరీలో దొరికిన ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలోంచి నోట్సు చెప్పేదాన్ని. ఎక్కడో చలిదేశాల ఫ్యాక్టరీల పొగ గురించి, అక్కడి నదుల్లో తేలిన చేపల గురించి. పిల్లలు మర్యాదగా రాసుకునేవాళ్ళు. ఒకరోజు వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి, "మేడమ్, మా ఊరి నీళ్ళ గురించి ఏమైనా ఉందాండీ ఇందులో?" అని అడిగింది.

ఆ అమ్మాయిది రేపల్లె వైపు నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లె. వాళ్ళ నాన్నగారు అక్కడి పేటలో మిషన్ బడి టీచరు. చర్చి పనుల్లో కూడా ఆయన మాటే పెద్ద. పేర్లు రాయదలుచుకోలేదు కాబట్టి ఆ అమ్మాయిని టీచరు గారమ్మాయి అనే అంటాను.

"లేదమ్మా," అన్నాను. అన్నాక నాకే సిగ్గనిపించింది. మర్నాడు క్లాసుకి పుస్తకం పట్టుకెళ్ళలేదు. "మీరు తాగే నీళ్ళు తలా ఒక సీసా తీసుకురండి. మనమే చూద్దాం," అన్నాను.

నీళ్ళలో ఉప్పుంటే నాలుకే చెప్తుంది. నాలుకకి తెలియనిది పట్టుకోవాలని నా ఆశ. పొలాల్లో వేసే ఎరువులు నేలలోకి దిగి బావుల్లో చేరితే నీళ్ళలో నైట్రేటు పెరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మరీ ఎక్కువైతే పసిపిల్లలకి ప్రమాదం. దాన్ని కనిపెట్టే పద్ధతి మా లాబులో చేసుకోగలిగిందే. నీళ్ళు ఆవిరయ్యేదాకా కాచి, గిన్నె అడుగున మిగిలినదానికి ఒక మందు కలిపి, అమ్మోనియా పోయాలి. నైట్రేటుంటే పసుపు రంగు తేలుతుంది. ఎంత ఎక్కువ ఉంటే అంత ముదురు రంగు.

సీసాలు శుభ్రంగా ఉండాలని లాబులోవే ఇచ్చాను. వాటిని యాసిడ్‌తో కడగమని మా అటెండరుకి చెప్పాను. ఆయనకి యాభై దాటాయి. నేను బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. నేను ఆ కాలేజీలోనే చదువుకున్నప్పుడు నాకు మొదటిసారి బ్యూరెట్ పట్టుకోవడం చూపించింది ఆయనే.

సీసాలు ఒక్కొక్కటే నిండి వచ్చాయి. బాపట్ల బోరింగు నీళ్ళు, వేమూరు కాలవ నీళ్ళు, రేపల్లె కుళాయి నీళ్ళు. ఒకబ్బాయి అడవులదీవిలో ఉన్న మేనత్త ఇంటి నుంచి తెచ్చాడు. పదిరోజులు పిల్లలు సాయంత్రం బండి సంగతి మరిచిపోయి లాబులోనే ఉన్నారు. ఏ గిన్నెలోనూ రంగు రాలేదు, వచ్చినా వెలిసిపోయిన పసుపు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం నిరాశగా ఉండేది.

చివర్లో టీచరు గారమ్మాయి సీసా చూశాం. అమ్మోనియా పోయగానే గిన్నె నిండా చేమంతి రంగు.

పిల్లలందరూ ఒక్కసారి మూగారు. నాకు కలిగింది భయం కాదు, సంబరం. మా కోర్సుకి ఇన్నాళ్ళకి ఒక విషయం దొరికింది.

"అంటే ఏంటండీ మేడమ్?" అంది ఆ అమ్మాయి.

"మీ బావిలోకి ఎరువులు దిగుతున్నాయమ్మా. చంటిపిల్లలూ గర్భిణులూ ఆ నీళ్ళు తాగకూడదు. అసలు ఎవరూ తాగకపోతేనే మంచిది."

మళ్ళీ ఒకసారి చేసి చూద్దాం అన్న మాట నా నోట రాలేదు. ఇన్నేళ్ళయినా ఆ ఒక్క క్షణం తలుచుకుంటే ఒళ్ళు ముడుచుకుపోతుంది. ఆ అమ్మాయి తలూపి, పుస్తకాలు సర్దుకుని, రేపల్లె బండికి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళ నాన్నగారు లేచి పేటవాళ్ళందరికీ చెప్పారు. కాలేజీలో పరీక్ష చేశారు, మన బావి నీళ్ళు ఇక తాగొద్దు అన్నారు. ఆయన మాట మీద అందరికీ గురి. ఆ సాయంత్రానికే బావి చుట్టూ ముళ్ళకంప వేశారు. మర్నాటి నుంచి ఆడవాళ్ళు కాలవ దాటి, ఊరివాళ్ళ మంచినీళ్ళ చెరువుకి నడవడం మొదలుపెట్టారు. పోనూ రానూ గంట.

సోమవారం ఆ అమ్మాయి ఇదంతా చెబుతుంటే నేను గర్వపడ్డాను. ప్రిన్సిపాల్ గారు కూడా మొదటిసారి మా కోర్సు గురించి నిలబడి మాట్లాడారు. "ఒక చార్టు వేయించండి. గోడకి పెడదాం," అన్నారు.

ఆ చార్టు కోసమే మళ్ళీ నీళ్ళు తెమ్మన్నాను. అప్పటికి మూడు వారాలు గడిచాయి. ఆ అమ్మాయి ఈసారి రెండు సీసాలు తెచ్చింది. రెండింటిలోనూ రంగు రాలేదు. మందు పాడైందేమో అనుకుని కొత్తది కలిపాను. రాలేదు. మూడోసారి నేనొక్కదాన్నే లాబు తలుపు దగ్గరికి వేసుకుని చేశాను. గిన్నెలో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

స్టూలు మీద కూర్చుండిపోయాను. తర్వాత బాబాయ్ గారిని పిలిచి, మొదట సీసాలు ఎలా కడిగారని అడిగాను.

"మీరు చెప్పినట్టే అమ్మా. నైట్రిక్ యాసిడ్ పోసి తిప్పి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు..." అని ఆగారు. "చివరి మూడు సీసాల దగ్గరికి వచ్చేసరికి డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందమ్మా. మీరు గుంటూరు వెళ్ళారు ఆ రోజు. ఒలకబోసి బోర్లించాను. ఆరితే పోతుందిలే అనుకున్నా."

నైట్రిక్ యాసిడ్! మేము నీళ్ళలో ఏం వెతుకుతున్నామో దాన్నే సీసాకి పూసి పంపాం. ఏ యాసిడ్ వాడాలో, ఏది వాడకూడదో ఆలోచించాల్సింది నేను. ఆయన కాదు.

ఆ మూడింటిలో ఒకటి టీచరు గారమ్మాయికి వెళ్ళింది. మిగతా రెండూ ఎవరూ తీసుకోక బీరువాలోనే ఉన్నాయి. ఒకదానిలో మంచి నీళ్ళు పోసి గిలకరించి పరీక్ష చేశాను. గిన్నె నిండా అదే చేమంతి రంగు.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నారు. "మొన్న వానలు పడ్డాయిగా. నీళ్ళు బాగుపడ్డాయని చెప్పించండి. సరిపోతుంది."

"అది అబద్ధమండి."

"అయితే అటెండరు పొరపాటని ఒక కాగితం రాసివ్వండి. కాలేజీ పేరు పోకూడదు."

బయటికి వచ్చాను. బాబాయ్ గారు వరండాలో నిలబడి ఉన్నారు. విన్నారని ఆయన మొహమే చెబుతోంది. "నా మీద పెట్టేయండమ్మా. నాకింక రెండేళ్ళే సర్వీసు. మీరు చిన్నవాళ్ళు," అన్నారు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "శనివారం పొద్దున్నే రేపల్లె బండికి నాతో రాగలరా?" అని మాత్రం అడిగాను.

శనివారం మేమిద్దరం, ఎనిమిదిమంది పిల్లలు, ఒక చెక్కపెట్టె నిండా లాబు సామాను. బాపట్ల వైపు పిల్లలు తెల్లారకుండానే లేచి వచ్చారు. రమ్మని నేను అడగలేదు. ముందు రాత్రి ఇంటికి వెళ్ళకుండా తెనాలిలో స్నేహితురాలి ఇంట్లో ఉండిపోయిన టీచరు గారమ్మాయి కిటికీ పక్కన కూర్చుని బయటికే చూస్తోంది. భట్టిప్రోలు దాటాక మెల్లిగా అంది: "నాన్నగారికి నేనింకా చెప్పలేదండీ. చర్చిలో నిలబడి చెప్పారు కదా. ఇప్పుడు ఆయన్ని ఏమంటారో."

అంతవరకూ నేను నా గురించే భయపడుతున్నాను. కోర్సు పోతుందని, ఉద్యోగంలో మాట వస్తుందని. ఆ అమ్మాయి మాటతో అసలు నష్టం ఎవరికో తెలిసింది.

"నేను చెప్తానమ్మా. నువ్వు పక్కన ఉండు చాలు."

రేపల్లెలో దిగి నగరం బస్సెక్కి, మధ్యలో దిగి కాలవ గట్టు మీద నడిచాం. గట్టు వాన తడితో జారుతోంది. ఎదురుగా నలుగురైదుగురు ఆడవాళ్ళు బిందెలతో వస్తున్నారు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చాం. వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వి, "పరీక్ష చేసిన కాలేజీవాళ్ళు మీరేనా అమ్మా? బాగున్నారా?" అని పలకరించారు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను.

టీచరు గారు బడి అరుగు మీదే ఉన్నారు. సన్నగా, తెల్లచొక్కాతో. కుర్చీ వేయించబోయారు. నేను నిలబడే అంతా చెప్పేశాను. యాసిడ్ సంగతి, నేను రెండోసారి చూడకపోవడం, అన్నీ. ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"బావి మంచిదే అంటారా?"

"మంచిదేనండి."

"ఖాయంగా?"

"అందరి ముందూ చేసి చూపిస్తానండి."

ఆయన లోపలికి వెళ్ళి బడి గంట కొట్టారు. శనివారం పూట గంట వినపడేసరికి పేటంతా వచ్చింది.

నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. తప్పు నాదేనని చెప్పాను. ముందు వరసలో నిండు నెలలతో ఉన్న ఒక అమ్మాయి లేచింది. నాకంటే చిన్నది.

"ఇన్నాళ్ళూ రోజుకి నాలుగు బిందెలండి. ఆ గట్టు మీద మొన్న జారాను. మా అత్త పట్టుకోబట్టి గానీ లేకపోతే ఏమయ్యేది? ఆ చెరువు దగ్గర ఒక్కోళ్ళూ మమ్మల్ని అడగడం, మీ బావికేం రోగం వచ్చిందే అని. మీరు తెనాలిలో కూర్చుని ఒక మాట అంటే సరిపోయిందా?"

"లేదమ్మా. సరిపోదు," అన్నాను. ఆమె కూర్చోలేదు. అలాగే నిలబడి చూస్తోంది.

పరీక్ష మొదలుపెట్టాం. కిరసనాయిలు స్టవ్వు గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ ఆరింది. అది చూసి ఆ నిండు నెలల అమ్మాయి అత్తగారు, గట్టి మనిషి, ఇంట్లోంచి రాజుకున్న బొగ్గుల కుంపటి తెచ్చి మా ముందు పెట్టింది. దాని మీద రెండు పింగాణి గిన్నెలు పెట్టాం. ఒకదానిలో అప్పుడే తోడిన బావి నీళ్ళు. రెండోదానిలో, బీరువాలో మిగిలిన యాసిడ్ అంటిన సీసాని కడిగిన నీళ్ళు.

నీళ్ళు ఆవిరవడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా బాబాయ్ గారు జనానికి వివరించారు, నాకంటే బాగా. "ఉప్పు పోసిన డబ్బాని తుడవకుండా పంచదార పోసి, అయ్యో పంచదార ఉప్పగా ఉందే అన్నాం అమ్మా మేము. తప్పు డబ్బాది, పంచదారది కాదు." జనంలో ఒకరిద్దరు నవ్వారు. సీసాలు కడిగింది తానేనని కూడా చెప్పేశారు. నేను వద్దని సైగ చేస్తున్నా చెప్పారు.

అమ్మోనియా మూత తీయగానే ముందు వరస అంతా ముక్కులు మూసుకుని వెనక్కి జరిగింది. టీచరు గారమ్మాయే పోసింది. సీసా కడిగిన గిన్నె పచ్చగా తిరిగింది. బావి నీళ్ళ గిన్నెలో, పక్కన తెల్లకాగితం పెట్టి చూస్తే తప్ప తెలియనంత లేత రంగు.

"అంత ఉంటే ఏం కాదా?" అంది నిండు నెలల అమ్మాయి, దగ్గరికి వచ్చి వంగి చూస్తూ.

"ఏం కాదమ్మా. బాపట్లలో మా ఇంట్లో నీళ్ళకీ అంతే వచ్చింది."

"ఇంకోసారి చేయండి."

ఇంకోసారి చేశాం. మరో అరగంట. ఎవరూ కదలలేదు. అదే లేత రంగు.

టీచరు గారు లేచి వెళ్ళి బావి చుట్టూ ఉన్న ముళ్ళకంప తానే లాగి పక్కన పడేశారు. ఒక చేద నీళ్ళు తోడి దోసిలి పట్టి తాగారు. "ఆ రోజు వద్దన్నది నేనే. ఈ రోజు తాగమంటున్నదీ నేనే," అన్నారు. నేనూ దోసిలి పట్టాను. ఆ నీళ్ళు చల్లగా, కొంచెం ఇనుప చేద వాసనతో ఉన్నాయి. అంత హాయిగా నేనెప్పుడూ నీళ్ళు తాగలేదు. బావి గట్టు మీదే కూర్చున్నాను.

అప్పుడు అత్తగారు నోరు విప్పింది. "అయితే అమ్మాయ్, మూడు వారాలు ఆ చెరువు నీళ్ళు తాగాం కదా. వాటిని కూడా చూసి పొండి."

కబురు అప్పటికే కాలవ దాటింది. ఊరి నుంచి ఒక పెద్ద రైతు గొడుగు ఊపుకుంటూ వచ్చారు. "ఏంటమ్మా, ఇప్పుడు మా చెరువుకి వంక పెడతారా?" అన్నారు. ఆయన చేతిలో తళతళలాడే ఇత్తడి చెంబు ఉంది. "ఇవిగో నీళ్ళు. మీ సీసాలు మాత్రం వద్దు."

ఈసారి అందరూ నవ్వారు. ఆ నిండు నెలల అమ్మాయి కూడా. చెరువు నీళ్ళలోనూ నైట్రేటు లేదు. కానీ చెంబు అడుగున నాచు, పురుగులు కనిపించాయి. దానికి మా పరీక్షలేమీ అక్కర్లేదు. కాచి తాగమన్నాం. ఆ రైతు చెంబులోకి తొంగి చూసి, "గట్టు మీద గేదెల్ని కడగొద్దని ఎంతమందికి చెప్పాను," అని గొణుక్కుంటూ బడి అరుగు మీద కూర్చుని, మా పిల్లల్ని ఒక్కొక్కరినీ ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగసాగారు. మధ్యాహ్నం పేటలోనే అన్నం పెట్టారు. నేను అడగలేదు. నాకు తినే అర్హత ఉందా అని అనుమానంగానే కూర్చున్నాను గానీ, చింతకాయ పచ్చడి కలిపిన మొదటి ముద్దకే ఆకలి తెలిసింది. రెండురోజులుగా సరిగ్గా తిన్నది లేదు.

తిరుగు బండిలో పిల్లలు ఒకటే గోల. రేపల్లె స్టేషను దాకా మాతో వచ్చిన టీచరు గారమ్మాయి బండి కదిలేదాకా అందరికంటే ఎక్కువ మాట్లాడింది. వచ్చేటప్పుడు వాళ్ళ నాన్నగారు దాని తల మీద చెయ్యి వేసి, "మంచి పని చేశావమ్మా, వీళ్ళని తీసుకొచ్చి" అన్నారట. నేను చెక్కపెట్టెకి తల ఆనించి నిద్రపోయాను. తెనాలి వచ్చాక బాబాయ్ గారు లేపాల్సి వచ్చింది.

సోమవారం ప్రిన్సిపాల్ గారికి జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, "వాళ్ళేమీ అనలేదా?" అన్నారు. "అన్నారండి," అన్నాను. ఆయన ఆ కాగితం సొరుగులో పెట్టారు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. చార్టు సంగతీ ఎత్తలేదు.

మరో పదిహేను రోజులకి టీచరు గారమ్మాయి మెట్లు రెండేసి ఎక్కుతూ లాబుకి వచ్చింది. "ఆడపిల్లండీ మేడమ్! తల్లీ పిల్లా బాగున్నారు." నేను చేతిలో ఉన్న పిపెట్ కింద పెట్టి, కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

ఆ తర్వాత ప్రతి నెలా ఒక శనివారం మా క్లాసు ఆ బడి అరుగు మీదే జరిగింది. మొదట పేటవాళ్ళు, తర్వాత ఊరివాళ్ళు, తర్వాత పక్క పల్లెలవాళ్ళు ఎవరి నీళ్ళు వాళ్ళు సొంత చెంబుల్లో, గిన్నెల్లో పట్టుకొచ్చేవాళ్ళు. సీసాలంటే ఎవరికీ నమ్మకం లేదు. మేమూ బలవంతం చేయలేదు. ఆ చెంబుల్నే వాళ్ళ ముందు కడిగి, అన్నీ రెండేసిసార్లు చేసి, రెండూ ఒకటిగా వస్తేనే చెప్పేవాళ్ళం. నైట్రేటుతోపాటు ఉప్పు కూడా కొలిచి పుస్తకాల్లో రాసేవాళ్ళం. రెండో ఏడు కోర్సులో ముప్ఫై దాటారు. బాపట్ల పిల్లలు తమ వైపు కూడా పెట్టాలని పట్టుబడితే, అక్కడ ఒక చర్చి ఆవరణలో నెలకొకసారి మొదలైంది. రిటైరైన పోస్టుమాస్టరు గారొకాయన కుర్చీలు వేయించి, వచ్చినవాళ్ళ వరస చూసుకునేవారు. తొంభైల్లో తీరం వెంట రొయ్యల చెరువులు పుట్టుకొచ్చి బావులు ఉప్పుదేలినప్పుడు, ఆ ఉప్పు ఎప్పుడు మొదలైందో నెల నెలా రాసిపెట్టిన పుస్తకాలు మా దగ్గర ఉన్నాయి. ఒక పల్లెవాళ్ళు వాటిని మండలాఫీసులో చూపించి కొత్త కుళాయి వేయించుకున్నారు. ఇంకో పల్లెవాళ్ళు ఎంత తిరిగినా వేయించుకోలేకపోయారు.

బాబాయ్ గారు రిటైరయ్యాక కూడా శనివారాలు మానలేదు. డిస్టిల్డ్ వాటర్ క్యాను ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు.

తర్వాత కొన్నేళ్ళకి కోర్సు ఉంచాలా తీసేయాలా అని చూడడానికి యూనివర్సిటీ నుంచి ముగ్గురు వచ్చారు. మాకు చూపించడానికి పెద్ద గది లేదు, పరికరాలు లేవు. ఆ రోజు పొద్దున మా నీళ్ళ పుస్తకాలే బల్ల మీద వరసగా పెట్టాను. పదిన్నరకి రేపల్లె బండి దిగి పన్నెండుమంది వచ్చారు, టీచరు గారు ముందు, వెనక గొడుగుతో పెద్ద రైతు, ఆయన వెనక కుంపటి తెచ్చిన అత్తగారు. బాపట్ల నుంచి పోస్టుమాస్టరు గారు. ఎవరు చెప్పారో నాకు తెలియదు. టీచరు గారమ్మాయి పనే అయ్యుండాలి. అప్పటికి అది బాపట్లలో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతోంది.

యూనివర్సిటీవాళ్ళలో పెద్దాయన అత్తగారిని అడిగారు, ఈ కోర్సు సంగతి మీకెలా తెలుసమ్మా అని.

"మా కోడలు వీళ్ళ మీద ఒకప్పుడు ఒంటికాలి మీద లేచిందండి," అంది ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ. "ఇప్పుడు మా పేటలో గిన్నెలు కడిగి వరసగా పెట్టేది అదే. ఈ రోజు వద్దామనుకుంది గానీ పిల్లకి బడి ఉంది."

పెద్దాయన ఏదో రాసుకున్నారు. సాయంత్రం వెళ్తూ వెళ్తూ కోర్సు ఉంటుందని ప్రిన్సిపాల్ గారితో చెప్పారు. ప్రిన్సిపాల్ గారే వచ్చి ఆ మాట మాకు చెప్పి, ఎప్పుడూ లేనిది, అందరినీ క్యాంటీనుకి పిలిచారు. ఉప్మా చల్లారిపోయింది. అయినా ఒక్క ప్లేటూ మిగల్లేదు.